ఉప్పు తక్కువైంది

గాజు సీసాల ఫ్యాక్టరీలో "మచ్చలాయన" అంటే తెలియనివాళ్ళు లేరు. సొంత పేరు ఒకటి ఉండేది కానీ అది హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన చేసిన పని ఒక్కటే. తెల్లగా వెలిగే తెర ముందు ఎత్తు కుర్చీలో కూర్చుని, బెల్టు మీద వరసగా వచ్చే సీసాల్లో గాలిబుడగో, వెంట్రుకంత పగులో, చిన్న మచ్చో కనబడితే "తీసెయ్" అనడం. ఆ ఒక్క మాటతో సీసా బెల్టు దిగిపోయి, ముక్కలై, మళ్ళీ కొలిమిలో పడేది. సీసాలు ఎదురు చెప్పవు కాబట్టి తన మాటకు తిరుగులేదని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకంతో పాటు, బహుమతిగా ఇచ్చిన ఒక గోడగడియారాన్ని పట్టుకుని రిటైరై ఇంటికొచ్చాడు. ఇంట్లో బెల్టు లేదు, తెర లేదు. వంటింటి కిటికీ ఒకటుంది. దాని ముందు నిలబడి మంచినీళ్ళ గ్లాసులు, కళ్ళజోడు, మందు సీసాలు, ఒకసారి అల్లుడు తెచ్చిన ద్రాక్షపళ్ళు కూడా ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి చూశాడు. "తీసెయ్" అన్నాడు. ఎవరూ తీయలేదు. ఎనిమిది నెలలు గడిచేసరికి మనిషి చప్పబడిపోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్ళకుండా కుర్చీలో కూర్చునేవాడు. ఆయన్ని అలా వదిలి పనికి వెళ్ళడానికి ఆయన భార్యకు మనసొప్పేది కాదు.

ఆవిడది రఫ్ఫు పని. చిరిగిన చోట పోగు పక్కన పోగు అల్లి, చింపినవాడు వచ్చి వెతికినా చిరుగు దొరక్కుండా చేయడం. నాలుగు వీధుల అవతల డ్రైక్లీనింగ్ షాపులో, కిటికీ పక్క కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. ఆ కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం. దాని మీద మెత్త కూడా తనే కుట్టుకుంది. "మనిద్దరి పనీ ఒకటే, మచ్చలు వెతకడం" అనేవాడు మొగుడు. ఆయన వెతికినవి ముక్కలయ్యేవి, తను వెతికినవి బాగయ్యేవి అన్న తేడా ఆవిడ ఎప్పుడూ ఎత్తి చూపలేదు.

అలాంటి చేతులు ఈమధ్య పాడయ్యాయి. అంట్లు తోమే సబ్బు పడక వేళ్ళ చివర్లు బీటలు వారాయి. సిల్కు మీద చెయ్యి పెడితే చాలు, పోగు పట్టుకుని సర్రుమనేది. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే దద్దుర్లు. చర్మం డాక్టరు లేపనం రాసిచ్చి, "మందు సగమే చేస్తుందమ్మా. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. ఆరు వారాలు సబ్బునీళ్ళు ముట్టుకోకండి" అన్నాడు. షాపు యజమాని మంచివాడే, కానీ షాపు నడవాలిగా. "ఆరు వారాలు మీ కుర్చీ ఖాళీగా ఉంచుతాను. ఆపైన ఇంకొకరిని కూర్చోబెట్టక తప్పదు" అన్నాడు. ఈ సంగతి విన్న కూతురు మర్నాడే డిష్‌వాషర్ కొని పంపించి, తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, అది అమ్మ చేతుల కోసం. నువ్వు చూసుకో."

"నేను చూసుకుంటాలే" అన్నాడు మచ్చలాయన. మాట మాత్రం అక్షరాలా నిలబెట్టుకున్నాడు. చూడడమే చేశాడు.

మిషన్ బిగించిన రోజు డిటర్జెంట్ కొనడానికి బజారుకెళ్ళాడు. అరగంటలో రావలసిన మనిషి మూడు గంటల తర్వాత రెండు చేతులా సంచులతో వచ్చాడు. ఒకటి కాదు, ఆరు రకాలు. నీలం డబ్బాలో పౌడరు, "మొండి జిడ్డుకు ఇదే ఆఖరి రోజు" అని బెదిరిస్తూ. మూడు రంగుల బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో పన్నెండు శక్తులట. దేవతలకే అన్ని ఉన్నట్టు వినలేదు. నిమ్మకాయ బొమ్మ ఉన్న జెల్లు. ఆకు బొమ్మ ఉన్న ఇంకో పౌడరు, అది ప్రకృతి ఒడిలోంచి వచ్చిందట. ప్రకృతి ఒడిలో జిడ్డు ప్లేట్లు ఎవరు పెట్టారో రాయలేదు. అచ్చుతప్పులతో నిండిన చవక సంచి ఒకటి. ఆరోదాని మీద ఒకావిడ ప్లేటులో తన మొహం చూసుకుని మురిసిపోతోంది. ఇంట్లో అద్దం లేదు కాబోలు.

"ఇన్నెందుకండీ?" అంది భార్య.

"ఏది మంచిదో తేల్చకుండా వాడేస్తామా? నీ చేతుల వ్యవహారం. తేలిగ్గా తీసుకుంటే ఎలా?" అన్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి. ఎనిమిది నెలల తర్వాత మొగుడి కళ్ళలో ఆ మెరుపు చూసి ఆవిడ ఇంకేమీ అనలేకపోయింది. అక్కడే పప్పులో కాలేసింది.

వారానికొక డిటర్జెంట్, ఆరు వారాలు, ఆరు డిటర్జెంట్లు. సరిగ్గా డాక్టరు చెప్పిన ఆరు వారాలే. ముహూర్తం అంత చక్కగా కుదిరింది. మచ్చలాయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న గట్టి అట్ట నోటుపుస్తకం తీసి, ఫ్యాక్టరీ భాషలోనే నిబంధనలు రాశాడు. పరీక్ష పూర్తయ్యే వరకు యంత్రమును ఇతరులు ముట్టరాదు. పరీక్ష పాత్రలతో ఇంటి పాత్రలు కలపరాదు, కలిపినచో ఫలితములు చెడును. మురికి ప్రతిరోజు ఒకే విధముగా ఉండవలెను. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది కాబట్టి కింద గీత కూడా కొట్టాడు. "ప్రతి పరీక్షకు ముందు పాత్రలన్నియు మచ్చ లేకుండా శుభ్రముగా ఉండవలెను."

ఎవరు శుభ్రం చేయవలెనో అందులో లేదు. ఫ్యాక్టరీలో "ఉండవలెను" అని గోడ మీద రాస్తే అవి ఉండేవి. ఎలా ఉండేవో కనుక్కోవలసిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

ఇక మురికి. ఆషామాషీ మురికి కాదది. గుడ్డుసొన రెండు చెంచాలు, మాడిన పాలు మూడు చెంచాలు, టీ మడ్డి, టమాటా గుజ్జు, నూనె కలిపిన పిండిజావ. పెళ్ళయిన దగ్గర్నుంచి వంటింట్లో ఒక్క గరిటె కొలిచి ఎరగని మనిషి మురికిని మాత్రం చెంచాతో కొలిచి, ప్లేట్ల మీద బ్రష్‌తో పూసేవాడు. పూత ఆరడానికి రెండు గంటలు. ఆ మురికి వండేది మాత్రం భార్యే.

"పాలు ఇంకాస్త మాడాలి" అనేవాడు పక్కన నిలబడి. "నిన్నటి మాడు బాగా కుదిరింది."

వంటలో మాడు వాసన వస్తే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులు ఆవిడకు గుర్తొచ్చాయి. మంట ఇంకాస్త పెంచింది.

మొదటి రోజు నీలం డబ్బా పౌడరు. మిషన్ రెండు గంటలు గుర్రుగుర్రుమని ఆగింది. మచ్చలాయన తలుపు తెరిచి, గ్లాసు తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తాడు. గ్లాసంతా తెల్లటి పొర. మంచు పట్టినట్టుంది. ప్లేట్ల మీద కూడా అంతే, పైగా అంచుల్లో గుడ్డుసొన చెక్కుచెదరకుండా ఉంది. "నాలుగు" అన్నాడు ఆనందంగా. మచ్చ కనబడితే ఆయనకు ఎంత హాయి! పుస్తకంలో పదికి నాలుగు వేసి, ఈల వేసుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయాడు.

ప్లేట్లు సింకులో మిగిలాయి. మర్నాటి పరీక్షకు అవి శుభ్రముగా ఉండవలెను. ఇంట్లో వండుకున్న గిన్నెలు మిషన్‌లో వేయరాదు కాబట్టి అవీ పక్కనే ఉన్నాయి. మిషన్ రాకముందు రోజుకు ఎన్ని అంట్లో, వచ్చాక అంతకు రెట్టింపు. ఆవిడ కాసేపు సింకు వంక చూసి, కొంగు బిగించి, పీచు అందుకుంది.

ఇంకో విశేషం. పోల్చి చూసుకోవడానికి ఒక ప్లేటు పక్కన పెట్టుకున్నాడు. దాన్ని మిషన్‌లో వేయడు. దానికి "ఆదర్శ ప్లేటు" అని పేరు. రోజూ దాన్ని ఎత్తి చూసి, "ఇదీ ప్లేటంటే! ఎక్కడైనా వేలెత్తి చూపగలవా? పదికి పది!" అని మురిసిపోయేవాడు. అంత తళతళా అది ఏ డిటర్జెంట్‌తో మెరుస్తోందో కనుక్కోవాలని మాత్రం తోచలేదు. ఆవిడ వేళ్ళకు అప్పుడే కొత్త బీట ఒకటి పడింది.

మొదటి వారంలోనే ఆవిడ మిషన్ మీద ఒక చిన్న ఎర్ర దీపాన్ని చూసింది. దాని పక్కన ఉప్పు సీసా బొమ్మ. ఆయన భోజనం చేస్తుండగా, మిషన్ వైపు గడ్డంతో చూపిస్తూ అంది.

"ఏమండీ, ఉప్పు తక్కువైంది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మచ్చలాయనకు బీపీ. మూడేళ్ళ కిందట డాక్టరు ఉప్పు తగ్గించమంటే, ఈయన ఇంటిల్లిపాదికీ తగ్గించేశాడు. ఆ ఇంట్లో ఉప్పు మాటెత్తడం అంటే ఆయన ఆయుష్షు మీద కుట్ర పన్నడమే. కంచంలోంచి తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"తక్కువే ఉండాలి. అలవాటు చేసుకో."

"కూరలో కాదండీ..."

"కూరలో కాకపోతే పెరుగులో. ఎందులోనైనా సరే, తక్కువే మంచిది."

మిషన్‌తో వచ్చిన పుస్తకం ఆయన మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివాడు, ఒక్క పేజీ తప్ప. ఆ పేజీలో పైన పెద్ద అక్షరాలతో "ఉప్పు" అని ఉంది. ఎవరో వంటల పుస్తకంలోని కాగితం తెచ్చి ఇందులో కుట్టారనుకుని, చూడకూడనిది చూసినట్టు గబుక్కున తిప్పేశాడు.

ఆవిడ ఆ తర్వాత కూడా చాలాసార్లు చెప్పింది. "ఉప్పు అడుగుతోందండీ" అంది. "అడిగినా పెట్టకు" అన్నాడు, ఎవరు అడుగుతున్నారో కూడా ఆలోచించకుండా. తనే వేసేద్దామంటే యంత్రమును ఇతరులు ముట్టరాదు. మూడో వారంలో ఆవిడ దీపాన్ని చూడడం మానేసింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

ప్రతి ఆదివారం ఆవిడ కుట్టుపెట్టెలోంచి ఒక సిల్కు ముక్క తీసి, కిటికీ దగ్గర కూర్చుని, వేళ్ళ చివర్ల మీదుగా మెల్లగా లాగేది. చప్పుడు రాకుండా జారిపోతే చర్మం మానినట్టు. జారలేదు. మొదటి ఆదివారం సర్రుమంది. రెండో ఆదివారం సర్రుమంది. మూడో ఆదివారం పోగు తెగింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు మచ్చలాయన మార్కులు కూడుకుంటూ.

"నా చేతులండీ. మానడం లేదు. ఇంకా మూడు వారాలే ఉంది. షాపాయన ఊరికే ఆగడు."

ఆయన పుస్తకం పక్కన పెట్టి, ఎంతో ప్రేమగా చూశాడు. ఆ ప్రేమలో కల్తీ లేదు, అదే వచ్చిన చిక్కు. "అందుకేగా నేనింత తంటాలు పడుతోంది! ఇంకా మూడు మిగిలాయి. మంచిది తేలిపోతే ఇక జన్మలో నువ్వు సబ్బు ముట్టక్కర్లేదు. కాస్త ఓపిక పట్టు" అన్నాడు.

ఆవిడ ఆరోజు గట్టిగా నాలుగు అడిగేయాలనే అనుకుంది. మాటలు నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆయన అప్పుడే లేచి, ఈల వేసుకుంటూ బ్రష్ కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎనిమిది నెలలు కుర్చీలో శవంలా కూర్చున్న మనిషి ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఆపడానికి ఆవిడకు చేతులు రాలేదు. చేతులేమో అక్కడ సింకులో కావలసి వచ్చాయి.

ఆరు వారాలు గడిచాయి. ఫలితాలు తేలాయి. నీలం పౌడరు నాలుగు, పన్నెండు శక్తుల బిళ్ళ నాలుగున్నర, నిమ్మకాయ జెల్లు నాలుగు, ప్రకృతి ఒడి మూడున్నర, అచ్చుతప్పుల సంచి నాలుగు, ప్లేటులో మొహం చూసుకునే ఆవిడ నాలుగూ పావు. పావు ఎందుకంటే వాసన బాగుంది. ఆరింటికీ తెల్లపొర వచ్చింది, ఆరూ ఫెయిలయ్యాయి. మచ్చలాయనకు ఏనుగెక్కినంత సంబరం. ప్రపంచంలో ఎవడికీ సరిగ్గా పని చేయడం రాదని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నదే, ఇప్పుడు లిఖితపూర్వకంగా రుజువైంది.

మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పుస్తకం చంకలో పెట్టుకుని ఆయన కూడా బయల్దేరాడు.

డాక్టరు ఆవిడ చెయ్యిని బల్ల మీద దీపపు భూతద్దం కింద పెట్టి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"తగ్గకపోగా ఎక్కువైందే. సబ్బునీళ్ళు ముట్టుకోవద్దన్నాను కదమ్మా?"

ఆవిడ జవాబిచ్చేలోపే మచ్చలాయన అందుకున్నాడు.

"సబ్బు సమస్యే లేదండీ. డిష్‌వాషర్ కొన్నాం. ఆరు రకాల డిటర్జెంట్లు స్వయంగా పరీక్షించాను" అని పుస్తకం తెరిచి, మురికి కొలతల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. డాక్టరుది ఓపిక. గుడ్డుసొన, మాడిన పాలు, తెల్లపొర, మార్కులు, అన్నీ విన్నాడు. చివర్లో ఒక్క ప్రశ్న అడిగాడు.

"మార్కులు వేశాక, ఆ ప్లేట్లు ఎవరు తోమేవాళ్ళు?"

మచ్చలాయన జవాబు పుస్తకంలో ఉంటుందన్నట్టు వెనక్కి తిప్పాడు. నాలుగో నిబంధన. కింద గీత. "శుభ్రముగా ఉండవలెను."

"అంటే... అవి ఉండేవండీ" అన్నాడు.

"ఊరికే ఉండేవా?" అన్నాడు డాక్టరు.

అప్పుడు చూశాడాయన. భార్య చెయ్యి ఇంకా దీపం కిందే ఉంది. తెల్లటి వెలుతురు, మధ్యలో వస్తువు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన చూసింది ఇలాంటి వెలుతురులోనే. చూపుడువేలికి మూడు బీటలు, మధ్యవేలికి నాలుగు, బొటనవేలి పక్కన ఒకటి రక్తం కారి ఎండిపోయింది. వెంట్రుకంత పగుళ్ళు పది అడుగుల దూరం నుంచి పట్టేసిన మనిషి, ఇవి ఆరు వారాలు రోజూ తనకు అన్నం వడ్డిస్తుంటే చూడలేదు. అలవాటు కొద్దీ "తీసెయ్" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏది తీసేయాలో ఆయనకు తెలిసింది. పుస్తకం మూసి చంకలో కాదు, కుర్చీ కింద పెట్టాడు. వెళ్ళేటప్పుడు అది అక్కడే మర్చిపోతే డాక్టరు పిలిచి మరీ ఇచ్చాడు.

ఇంటికి రాగానే మిషన్ కంపెనీకి ఫోన్ చేశాడు. మిషన్‌లోనే లోపం ఉందని గట్టిగా వాదించాడు. సాయంత్రం రిపేరు అతను వచ్చి, లోపలి అర బయటికి లాగి, అడుగున ఒక మూత తిప్పి, టార్చి వేసి చూశాడు.

"ఇందులో ఉప్పు ఎప్పుడు వేశారండీ?"

"ఉప్పా?" అన్నాడు మచ్చలాయన.

"మీ నీళ్ళు గట్టినీళ్ళండీ, సున్నం ఎక్కువ. వాటిని మెత్తబరచడానికి దీనికంటూ రాళ్ళ ఉప్పు వస్తుంది. అది వేయకపోతే ఏ డిటర్జెంట్ వాడినా తెల్లపొరే. ఉప్పుంటే అన్నీ కాస్త అటూ ఇటూగా ఒకటే. ఇదిగో, ఎర్ర దీపం వెలుగుతోందిగా. ఎవరూ చూడలేదా?"

"నేను చెప్పాను" అంది భార్య.

"ఎప్పుడు చెప్పావు?"

"ఉప్పు తక్కువైంది, ఉప్పు తక్కువైంది అని వారాల తరబడి చెప్పాను. అలవాటు చేసుకోమన్నారు. చేసుకున్నాను."

రిపేరు అతను నవ్వు ఆపుకోవడానికి తల మిషన్‌లోకి దూర్చి చాలాసేపు ఏదో వెతికాడు. బయటికి వచ్చి, ఉప్పు లేకుండా తెగ తిప్పేసరికి లోపల ఒక భాగం పట్టేసిందని, కొత్తది రావడానికి నెల పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

మచ్చలాయన నోటుపుస్తకం తీసి నాలుగో నిబంధన కొట్టేసి, దాని కింద కొత్తది రాశాడు. "పాత్రలు నేను తోమవలెను." ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన రాసిన నిబంధనల్లో "నేను" అన్న మాట ఉన్నది అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే భార్యకు చెప్పకుండా డ్రైక్లీనింగ్ షాపుకెళ్ళాడు. ఇస్త్రీ ఆవిరి, చీటీలు కట్టిన కోట్లు, కిటికీ పక్క మెత్త ఉన్న కుర్చీ. కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుని పని చేస్తోంది.

"ఆరు వారాలన్నాను. నిన్నటితో అయిపోయింది" అన్నాడు యజమాని ఇబ్బందిగా. "ఈవిడ ఇవాళే మొదలుపెట్టింది. పనెలా ఉందో చూస్తున్నాను."

"తప్పు మా ఆవిడది కాదండీ" అన్నాడు మచ్చలాయన. "తప్పు నాది. చేతులు మానకుండా చేసింది నేనే. ఒక్క నెల ఇవ్వండి."

యజమాని కొత్తావిడ రఫ్ఫు చేసిన కోటు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "మీరు మచ్చలు పట్టడంలో దిట్ట అంటారుగా. మీరే చూసి చెప్పండి."

ఆయన కోటును కిటికీ వెలుతురుకు ఎత్తాడు. రెండు చోట్ల పోగు బిగిసింది, ఒక చోట రంగు కలవలేదు. మూడూ క్షణంలో కనబడ్డాయి. కొత్తావిడ సూది ఆపి, ఊపిరి బిగబట్టి ఆయన వంకే చూస్తోంది. ఇన్నేళ్ళూ సీసాలకు కళ్ళు లేకపోబట్టి తన పని తేలికైందని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది.

"పని బాగానే ఉంది" అని కోటు దించాడు. "చెయ్యి తిరిగేకొద్దీ ఇంకా బాగుంటుంది. కానీ ఒక మాట. మా ఆవిడ చేతి పని ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఒక్క మచ్చ పట్టలేకపోయాను. పట్టి ఉంటే చెప్పకుండా ఊరుకునే రకమా నేను?"

యజమాని ఫక్కున నవ్వాడు. నెల వరకు కొత్తావిడను వేరే బల్ల దగ్గర కూర్చోబెడతానన్నాడు. పని కూడా ఇద్దరికి సరిపడా ఉందని ఒప్పుకున్నాడు. సాయంత్రం యజమానే ఫోన్ చేసి ఈ సంగతంతా ఆవిడకు పూస గుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వచ్చి, సింకు దగ్గర నిలబడ్డ మొగుడి వీపు వంక చూసింది. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి తన మొహాన అని ఉంటే ఏం పోయేదని కోపమొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ఆ నెల మచ్చలాయన తోమాడు. గ్లౌజులు ఆయన వేళ్ళకు పట్టలేదు. మొదటి రోజు రెండున్నర గంటలు పట్టింది. తోమిన ప్రతి గ్లాసూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తి చూడడం, మచ్చ కనబడడం, "తీసెయ్" అని తనకు తానే చెప్పుకుని మళ్ళీ సింకు దగ్గరికి రావడం. ఒక గ్లాసు ఏడుసార్లు తిరిగింది. ఎనిమిదోసారి చేతిలోంచి జారి, నిజంగానే తీసేయవలసి వచ్చింది. ఆవిడ హాల్లో కూర్చుని వేళ్ళకు లేపనం రాసుకుంటూ, లోపలి నుంచి వినబడే చప్పుళ్ళకు లేచి వెళ్ళకుండా ఉండడానికి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేది. పది రోజులకు ఆయన చెయ్యి తిరిగింది. మాడిన పాలు ఎంత మొండివో ఆయనకిప్పుడు మార్కులతో పనిలేకుండానే తెలుసు.

నెలాఖరుకు మిషన్ భాగం వచ్చింది. రాళ్ళ ఉప్పు వేశారు. ఎర్ర దీపం ఆరిపోయింది. మొదటి దఫా అచ్చుతప్పుల సంచిలోని పౌడరే వేశారు. గ్లాసులు తళతళా మెరుస్తూ వచ్చాయి. మచ్చలాయన ఒకటి తీసి కిటికీ దాకా వెళ్ళి, ఎత్తకుండానే తిరిగొచ్చి అలమరలో పెట్టాడు.

ఆ ఆదివారం ఆవిడ సిల్కు ముక్క తీసింది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. సిల్కు చూపుడువేలి మీదుగా, మధ్యవేలి మీదుగా, బొటనవేలి మీదుగా జారింది. ఏ చప్పుడూ లేదు. రెండోసారి లాగింది. మళ్ళీ లేదు. ఆవిడ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"నాకూ ఒకసారి" అని ఆయన చెయ్యి చాపాడు. ముక్క ఆయన వేళ్ళ మీద రెండంగుళాలు కూడా కదలకుండా సర్రుమని పట్టుకుంది. ఆవిడ పోగు తెగకుండా నెమ్మదిగా విడదీసి, తన లేపనం డబ్బా ఆయన ముందుకు తోసింది.

సోమవారం పొద్దున్న ఆవిడ మళ్ళీ షాపుకు బయల్దేరింది. క్యారియరులోకి కూర ఆయనే వండాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, ఏదో అనుమానం వచ్చి, వెనక్కి వచ్చి, గిన్నెలోంచి చెంచాతో కాస్త తీసి రుచి చూసింది.

"ఏమండీ, ఉప్పు తక్కువైంది."

మచ్చలాయన చేతిలోని తువ్వాలు పారేసి మిషన్ దగ్గరికి పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూలబడి, అర బయటికి లాగి, అడుగున మూత తిప్పి, వేలు పెట్టి చూశాడు.

"నిండుగా ఉందే! మొన్ననే కదా వేశాం. దీపం కూడా వెలగడం లేదు" అన్నాడు కంగారుగా తలెత్తి.

ఆవిడ చెంచా గిన్నెలో పెట్టి ఆయన వంక చూసింది. అప్పుడు వారాల తరబడి చెప్పిన మాటే. మాట మారలేదు, చెప్పే గొంతు మారలేదు.

"కూరలో అండీ" అంది.

ఆయన మూత చేత్తో పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నాడు. బీపీ గుర్తొచ్చిందేమో, ఒక్క క్షణం ఆగాడు.

"ఎంత వేయమంటావ్?" అన్నాడు.